గూడ్సు బండ్ల నిర్వహణము, వాగన్ల షంటింగు: గుంతకల్లు కూడలియు, రైలు నమూనాలును

నిర్వచనము

గూడ్సు బండి యనగా ఇంజను, వాగన్లు, చివరి బ్రేకు వ్యాను అను మూడింటి సముదాయమని సామాన్యముగా చెప్పుదురు. రైల్వే నిర్వహణ దృష్టిలో అది అంతకన్న ముఖ్యముగా ఒక క్రమము. ఏ వాగను ముందుండవలెను, ఏది వెనుక నుండవలెను, ఏది ఏ స్టేషనులో విడిచిపెట్టబడవలెను, ఏది ఎచ్చట తగిలింపబడవలెను అను నిర్ణయములు కుదిరిన పిమ్మటనే వాగన్ల వరుస బండి యగును. ఈ క్రమమును కూర్చుటకును, విడదీయుటకును, మరల కూర్చుటకును స్టేషను లేక యార్డు హద్దులలో వాగన్లను ఒక లైను నుండి మరియొక లైనునకు మార్చు పనికి షంటింగు అని పేరు. బండిని స్టేషను నుండి స్టేషనునకు నడుపుట ఒక విద్య. దానిని విప్పి కట్టుట వేరొక విద్య. మొదటిదానికి వేగము ప్రధానము. రెండవదానికి ఆలోచన, ఓర్పు, స్థలజ్ఞానము ప్రధానములు.

ప్రస్తుత వ్యాసమున ఈ రెండవ విద్య, అనంతపురము జిల్లాలోని గుంతకల్లు కూడలిని ప్రధానోదాహరణముగా గైకొని, వివరింపబడినది. అదే పనిని చిన్న పరిమాణమున ఇంటిలోని బల్లపై నిర్వహించు రైలు నమూనాల విషయము వ్యాసపు తుదిభాగమున చెప్పబడినది.

భౌగోళిక స్థితి (చూ. రాయలసీమ, క్షామములు)

అనంతపురము పీఠభూమి దేశములో మిక్కిలి తక్కువ వర్షము కురియు ప్రాంతములలో నొకటి. పశ్చిమ కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించుటచేతను, తూర్పు తీరము దూరమగుటవలన ఈశాన్య ఋతుపవనము బలహీనపడి చేరుటచేతను ఈ జిల్లాలో సాలీన సగటు వర్షపాతము సుమారు 550 మి.మీ. మాత్రమే. పెన్న, చిత్రావతి, హగరి నదులు సంవత్సరములో అధికభాగము ఇసుకపాయలుగా నుండును. ఎర్రనేలలలో వర్షాధారపు వేరుశనగ, నల్లరేగడిలో ప్రత్తి, జొన్న, కొర్ర చిరకాలముగా ఇచ్చటి పంటలు.

ఈ స్థితి గూడ్సు రవాణాకు ఒక విలక్షణ స్వభావమును కల్పించినది. పంట పండిన యేట కోతలు ముగిసిన కొద్ది వారములలోనే వేరుశనగ బస్తాలు, నూనె, తెలగపిండి, ప్రత్తి బేళ్లు ఒక్కుమ్మడిగా స్టేషన్లకు చేరును. అప్పుడు ఖాళీ వాగన్లు లోనికి రావలెను, నిండినవి వెలుపలికి పోవలెను. వానలు తప్పిన యేట ప్రవాహము తలక్రిందులగును: ధాన్యము, పశుగ్రాసము నిండిన వాగన్లు లోనికి వచ్చి, ఖాళీలు తిరిగిపోవును. పట్టాలు అవియే, లైన్లు అవియే, సిబ్బంది వారే; కాని యార్డులో ఏ లైను నిండినవానికి, ఏ లైను ఖాళీలకు కేటాయింపవలెననునది ఆకాశమును బట్టి మారవలసి యుండెను. గుంతకల్లు ప్రాంతపు రైల్వే చరిత్రను పరిశీలించువారు స్టేషన్ల తేదీలతోపాటు ఈ దిశామార్పును గూడ గమనింపవలసి యున్నది.

చరిత్ర

మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురము నుండి ఆర్కాటు వైపు తొలి మార్గమును తెరచిన పిమ్మట, అరక్కోణము నుండి వాయవ్యదిశగా రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోనిల మీదుగా మరియొక మార్గమును సాగించెను. ఇది 1871లో రాయచూరు వద్ద గ్రేటు ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలియుటవలన బొంబాయి, మద్రాసు నగరములు పట్టాలచే అనుసంధింపబడెను. ఈ మార్గము 1,676 మి.మీ. వెడల్పు గల బ్రాడ్‌గేజి.

అప్పటికి గుంతకల్లు పెద్ద ఊరు కాదు. దానికి ప్రాముఖ్యమును తెచ్చినది 19వ శతాబ్దపు చివరి రెండు దశకములలో వచ్చిన మీటరుగేజి మార్గములు. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే నడపిన 1,000 మి.మీ. వెడల్పు గల పట్టాలు పడమట బళ్లారి, హోసపేట, హుబ్బళ్లి వైపునకును, తూర్పున డోను, నంద్యాల, బెజవాడ వైపునకును, దక్షిణమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగళూరు వైపునకును వ్యాపించెను. 1888లో కాజిల్ రాక్ వరకు తెరవబడిన గోవా రైల్వే మూలమున ఈ మీటరుగేజి పడమటి సముద్రమున మార్మగోవా రేవునకు అందెను. ఇట్లు తూర్పు డెల్టాను పడమటి రేవుతో కలుపు సన్నపట్టాల మార్గము, బొంబాయిని మద్రాసుతో కలుపు వెడల్పుపట్టాల మార్గమును ఖండించు స్థలమున గుంతకల్లు నిలిచెను. పట్టణము రైల్వే క్వార్టర్లు, లోకో షెడ్లు, గూడ్సు షెడ్ల చుట్టును పెరిగెను.

1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా నేర్పడెను. 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో విలీనమయ్యెను. 1956లో గుంతకల్లు కేంద్రముగా డివిజను ఏర్పడెను; 1977 అక్టోబరు 2న ఈ డివిజను దక్షిణమధ్య రైల్వేకు బదిలీ చేయబడెను. 1992లో భారతీయ రైల్వేలు చేపట్టిన ఏకగేజి పథకము ననుసరించి బళ్లారి, నంద్యాల మార్గములు 1990ల దశకములో బ్రాడ్‌గేజిగా మార్పబడుటతో గుంతకల్లు యార్డులో రెండు గేజిల సహజీవనము ముగిసెను.

గేజి భేదము, సరకు మార్పిడి (చూ. గేజి)

రెండు గేజిలు కలిసినచోట ప్రయాణికుడు ఒక బండి దిగి మరొకటి ఎక్కును. సరకునకు ఆ స్వేచ్ఛ లేదు. హుబ్బళ్లి వైపు నుండి మీటరుగేజి వాగనులో వచ్చిన బస్తా బొంబాయికి పోవలెనన్నచో దానిని ఎవరో మోయవలసి యుండెను. ఇందులకై నిర్మింపబడు మార్పిడి షెడ్డు నిర్మాణము సులభము, దానిలోని పని మాత్రము కఠినము. పొడవైన ఒక ప్లాట్‌ఫారమునకు ఒకప్రక్క మీటరుగేజి లైను, వేరొకప్రక్క బ్రాడ్‌గేజి లైను ఉండును. రెండు వాగన్ల తలుపులు ఎదురెదురుగా నిలుచునట్లు వానిని షంటు చేయవలెను. పిమ్మట హమాలీలు వీపులపై బస్తాలను ఒక వాగను నుండి మరియొక దానికి చేరవేయుదురు. గుమాస్తా తలుపువద్ద నిలిచి లెక్క వ్రాసికొనును. చిరిగిన గోనె నుండి రాలిన కాయలను ఊడ్చి తిరిగి బస్తా కట్టుదురు. తుదకు తలుపు మూసి, సీలు వేసి, చీటీ అంటింతురు.

రెండు గేజిల వాగన్ల పరిమాణములు సమానములు కానందున ఒకదాని సరకు మరొకదానిలో సరిగా ఇముడుట అరుదు. నాలుగు చిన్న వాగన్ల సరకును మూడు పెద్ద వాగన్లలో సర్దవలసి వచ్చినప్పుడు, చివరి వాగను సగము ఖాళీగా పంపుటయా, మరునాటి సరకుకై నిలుపుటయా యను ప్రశ్న ప్రతిదినము ఎదురగుచుండెను. వాగను నిలిచినకొలది డెమరేజి (ఆలస్యపు రుసుము) పెరుగును. సగము ఖాళీగా పోయినచో వాగను కొరత పెరుగును. మార్పిడి షెడ్డులో ఒక లైను నిండిపోయినచో వెనుక బండి హోం సిగ్నలు వెలుపల నిలిచిపోవును. గుంతకల్లు వంటి కూడలిలో షంటింగు సిబ్బంది ప్రతిభ అన్నిటికన్న ఎక్కువగా పరీక్షింపబడినది ఇచ్చటనే యని చెప్పవచ్చును.

యార్డు అంగములు

శాస్త్రీయముగా నిర్మింపబడిన మార్షలింగు యార్డులో మూడు భాగములు ప్రధానములు: వచ్చు బండ్లు నిలుచు రిసెప్షను లైన్లు, వాగన్లను గమ్యముల వారీగా వేరుపరచు సార్టింగు లైన్లు, కట్టిన బండ్లు బయలుదేరు డిపార్చరు లైన్లు. వీనికి అనుబంధముగా షంటింగు నెక్ అను పొడవైన లైనొకటి ఉండును. ఇంజను కొన్ని వాగన్లతో ప్రధానమార్గము జోలికి పోకుండ ముందునకు వెనుకకు కదలుటకు ఇదియే ఆధారము. నెక్ పొడవు ఎంత యుండునో ఒక్కమారు లాగగల వాగన్ల సంఖ్య అంతకే పరిమితము.

మరమ్మతు వలసిన వాగన్లను నిలుపు లైనును 'సిక్ లైను' అందురు. గూడ్సు షెడ్డు లైను, తూనిక వంతెన లైను, కర్మాగారముల ప్రైవేటు సైడింగులు, అవసరమును బట్టి డెడ్ ఎండ్ లైన్లు మిగిలిన అంగములు. రెండు లైన్లు కలియుచోట ఇంతకు మించి ముందుకు వాగను నిలుపరాదని తెలుపుటకు నేలపై నుంచు గుర్తు ఫౌలింగు మార్కు. వాగన్లు తమంతట తాము దొరలిపోయి ప్రధానమార్గమున బడకుండ ట్రాపు పాయింట్లు (దారి మళ్లించు కదలు పట్టాలు), ఇసుక దిబ్బలు రక్షణ కల్పించును. స్టేషను యార్డుల వాలు 400 అడుగులకు 1 అడుగు కంటె మించరాదనియు, వీలైనంతవరకు 1,200కు 1 ఉండుట మేలనియు నియమము గలదు. బ్రేకు లేని వాగను స్వల్పమైన వాలునందును కదలును గనుక ఈ నియమము ఏర్పడినది.

షంటింగు రకములు

భారతీయ రైల్వేలలో షంటింగు పలువిధములు. ఇంజను వాగన్లకు తగిలియుండగనే వానిని తోయుట లేక లాగుట సాధారణ పద్ధతి. వాగన్లను ఇంజను నుండి విప్పి, ఒక తోపు ఇచ్చి, తామై దొరలి తగిన లైనులో చేరునట్లు చేయుట లూజు షంటింగు. ఇందు వాగను వెంట పరుగెత్తి చేతిబ్రేకు నొక్కువాని నేర్పుపై అంతయు నాధారపడును. ప్రయాణికుల పెట్టెలకు, పేలుడు పదార్థములు గల వాగన్లకు ఇది నిషిద్ధము. కదలుచున్న ఇంజనును వాగన్లకంటె ముందుగా పాయింట్లు దాటించి, వెంటనే పాయింట్లు మార్చి వెనుక వాగన్లను వేరు లైనునకు మళ్లించు ఫ్లై షంటింగు అపాయకరమగుటచే సామాన్యముగా అనుమతింపబడదు. కృత్రిమముగా నిర్మించిన మిట్టపైకి వాగన్లను తోసి, అచ్చటినుండి వాలు మీద ఒక్కొక్కటిగా జారవిడుచుట హంపు షంటింగు. మొగల్‌సరాయి యార్డు దీనికి ప్రసిద్ధి చెందెను. ఒకటి రెండు వాగన్లను మనుష్యులే తోయు హ్యాండు షంటింగు చిన్న స్టేషన్లలో వాడుకలో నుండెను.

షంటింగు వేగము సామాన్యముగా గంటకు 15 కి.మీ. మించరాదు. పేలుడు పదార్థములు, పెట్రోలు వంటివి గల వాగన్ల విషయమున ఇది 8 కి.మీ.

సైడింగు దిశ: మౌలిక సమస్య

షంటింగులోని మేధోభాగమంతయు ఒక సరళమైన సమస్యనుండి పుట్టును. సైడింగు రెండు విధములుగా ప్రధానలైనును కలిసికొనవచ్చును. బండి నడచు దిశలో సైడింగు ముఖద్వారము వెనుకబడినచో, ఇంజను తన వెనుకనున్న వాగనును పాయింట్లు దాటించి, ఆగి, వెనుకకు తోసి లోపల నుంచి రాగలదు. ముఖద్వారము ఎదురుగా నున్నచో ఇంజను ముందుగా సైడింగులో ప్రవేశించును. వాగను దాని వెనుక నుండిపోవును. దానిని లోపల విడిచిన ఇంజను తాను బయటికి రాలేదు.

దీనికి పరిష్కారము లూపు లైను. ఇంజను వాగనును ప్రధానలైనుపై విడిచి, లూపు గుండ చుట్టి వచ్చి, దాని రెండవప్రక్క తగులుకొని, సైడింగులోనికి తోయును. ఒక్క వాగనునకు ఇది సులభమే. కాని బండిలో ముప్పది వాగన్లుండి, వలసిన వాగను పదునేడవదై, సైడింగులో ఇదివరకే మూడు వాగన్లుండి, వానిలో నడుమనున్న దానిని మాత్రమే తీసికొనిపోవలసి యున్నచో, ఏ వాగన్లను ఎచ్చట తాత్కాలికముగా ఉంచవలెను, ఏ కదలికకు ముందు ఏ కదలిక జరుపవలెను అను విషయము ఇంజను కదలకముందే నిర్ణయింపబడవలెను. లూపు పొడవు చాలనిచో ఆ బండి ఆ స్టేషనులో ఈ పని చేయనే లేదు. ఎదురుదిశలో వచ్చు బండికి ఆ పని అప్పగింపబడును. దారిలోని ప్రతి స్టేషనులో ఇట్టి పని చేయుచు మెల్లగా సాగు బండిని సెక్షను గూడ్సు లేక షంటింగు గూడ్సు అనిరి. గుంతకల్లులో ఈ బండిని కట్టునప్పుడు వాగన్లను దారిలోని స్టేషన్ల వరుసలోనే అమర్చినచో దారిలో గంటలు మిగిలెడివి. యార్డు మాస్టరు పనితనము యార్డులో కాక, అరువది మైళ్ల ఆవల ఏదో చిన్న స్టేషనులో బయటపడెడిది.

సిబ్బంది, సంజ్ఞలు

యార్డు మాస్టరు పథకము వేయును. ట్రైన్సు క్లర్కు చేత పుస్తకముతో బండి పొడవునా నడచి వాగన్ల సంఖ్యలు, గమ్యములు వ్రాసికొనును. నేడు వాగను సంఖ్యలో 11 అంకెలుండును. అవి వరుసగా రకము, యజమాని రైల్వే, తయారైన సంవత్సరము, క్రమసంఖ్యలను తెలుపును. చివరి అంకె తప్పులు పట్టుటకై ఉద్దేశింపబడినది. షంటింగు జమేదారు లేక షంటింగు మాస్టరు నేలపై పనిని నడపును. పాయింట్సుమాను పాయింట్లు మార్చి, వాగన్లను తగిలించి విప్పును. యార్డు ఇంజనును నడపువానిని షంటరు అందురు. బండి యోగ్యతను పరీక్షించు ట్రైను ఎగ్జామినరును సిబ్బంది 'టి.ఎక్స్.ఆర్.' అనియే పిలుతురు. బ్రేకు వ్యానులోని గార్డుకు 2022 నుండి ట్రైను మేనేజరు అను పదనామము వచ్చినది.

షంటింగునకు టి/806 అను ఫారముపై వ్రాతపూర్వకమైన ఆజ్ఞ ఇయ్యబడును. చేతిసంజ్ఞలలో, పచ్చజెండాను నెమ్మదిగా పైకి క్రిందికి ఆడించినచో ఇంజను సంజ్ఞ చేయువాని నుండి దూరముగా పోవలెను. దేహమునకు అడ్డముగా ఇటునటు ఆడించినచో అతని వైపునకు రావలెను. రాత్రి జెండాకు బదులు పచ్చదీపము. వేసవి మధ్యాహ్నములందు గుంతకల్లు ప్రాంతమున పట్టాలపై ఎండమావి లేచునప్పుడు దూరపు జెండా కదలిక స్పష్టముగా గోచరింపదు గనుక, సంజ్ఞలను ఒకరి నుండి ఒకరికి అందించుటకు మధ్య మనుష్యులు నిలువవలసి వచ్చును. సంజ్ఞ కనబడనిచో ఇంజను ఆగవలెననునది మూలసూత్రము.

తగిలింపు పనిలోని అపాయమును విశేషముగా చెప్పవలసి యున్నది. పూర్వపు స్క్రూ కప్లింగులో పాయింట్సుమాను రెండు బఫర్ల నడుమ వంగి దూరి, బరువైన ఇనుప కొక్కెమును ఎత్తి ఎదుటి కొక్కెమునకు తగిలించి, నడిమి మరను తిప్పి బిగింపవలెను. ఇంజను ఒక్క అడుగు కదలినను ప్రాణాపాయము. అటుపిమ్మట వ్యాకువమ్ బ్రేకు గొట్టములను కలుపవలెను. ఇంజను వద్ద తగినంత వ్యాకువము వచ్చిన గాని బండి కదలరాదు. తరువాత వచ్చిన సెంటర్ బఫర్ కప్లరులో రెండు ఉక్కు పిడికిళ్లు తాకినంతనే తమంతట తాము పెనవేసికొనును. విప్పుటకు ప్రక్కనుండియే మీటను త్రిప్పవచ్చును. ఎయిరు బ్రేకు వాగన్లలో గాలి గొట్టమున చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనము ఉండవలెను. ఈ మార్పులు వేగమునకే కాక, పనివాని దేహరక్షణకు చేసిన మేలు అపారము.

సరకులు, వాగన్లు

నాలుగు చక్రముల కప్పు వాగన్లు గుంతకల్లు ప్రాంతమున చిరకాలము ప్రధానముగా నుండెను. వేరుశనగ, ప్రత్తి, ఉప్పు, ధాన్యము, ఎరువులు వీనిలోనే సాగెను. ఎనిమిది చక్రముల వాగన్లు వచ్చిన పిమ్మట బొగ్గు, ముడిఇనుములకు 'బాక్స్ ఎన్' అను పైకప్పు లేని వాగను, సిమెంటు, ధాన్యము, ఎరువులకు 'బి.సి.ఎన్.' అను కప్పు వాగను, పెట్రోలు, డీజిలునకు తొట్టి వాగన్లు, రాళ్లకు అడుగు తెరచుకొను హాపరు వాగన్లు వాడుకకు వచ్చెను.

బళ్లారి, హోసపేట ప్రాంతపు ముడిఇనుము గుంతకల్లు, గుత్తి, రేణిగుంటల మీదుగా తూర్పు రేవులకు చేరుట ఈ డివిజనుకు పెద్ద రాబడిగా నుండెను. 2010లో కర్ణాటక ప్రభుత్వము ఎగుమతిని నిషేధించుట, 2011లో సుప్రీంకోర్టు బళ్లారి గనులను నిలిపివేయుట వలన ఈ రవాణా క్షీణించెను. 1994లో ఉత్పత్తి ప్రారంభించిన ముద్దనూరు వద్ద రాయలసీమ తాపవిద్యుత్కేంద్రమునకు బొగ్గు, తాడిపత్రి, ఎర్రగుంట్ల ప్రాంతముల నుండి సిమెంటు ఇతర ముఖ్య సరకులు. 2019లో తెరవబడిన ఓబులవారిపల్లె–వెంకటాచలము మార్గము ఈ ప్రాంతమునకు కృష్ణపట్నము రేవును దగ్గర చేసినది. 2020 సెప్టెంబరులో దక్షిణ భారతమున మొదటిదైన కిసాన్ రైలు అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లతో బయలుదేరెను; వేరుశనగ నేల నుండి ఉద్యానఫలములు పార్సెలు వ్యాన్లలో పోవుట జిల్లా వ్యవసాయములో వచ్చిన మార్పునకు నిదర్శనము.

క్షామకాలపు నిర్వహణము

1876–78 నాటి మహాక్షామము ఈ ప్రాంతమును తీవ్రముగా పీడించెను. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలోని భాగము, 1882లో ప్రత్యేక జిల్లా ఆయెను. బొంబాయి–మద్రాసు మార్గము తెరచి అయిదారేండ్లు మాత్రమే గడచియుండెను. మద్రాసు రేవున దిగిన ధాన్యమును లోపలికి చేర్చినది ఈ మార్గమే. అయితే రైలు స్టేషను వరకే తేగలదు. అచ్చటినుండి పల్లెలకు ఎడ్లబండ్లు వలయును. మేత, నీరు లేక ఎడ్లు చచ్చుచుండగా ఆ తుది పది మైళ్లే దుర్గమములయ్యెను. వాగన్లు ఖాళీ యగుట ఆలస్యమైనచో తరువాతి ధాన్యపు బండికి లైను దొరకదు. క్షామకాలమున ఒక వాగనును త్వరగా విడిపించుట, ఒక లైనును ఖాళీ చేయుట ఆకలిగొన్నవారికి అన్నమును ఒక దినము ముందుగా చేర్చుటతో సమానము. గూడ్సు నిర్వహణలోని లెక్కలన్నిటికిని మానవీయమైన అర్థము ఇచ్చటనే కలదు.

1950ల తొలినాటి కరవులో రాయలసీమయందు గంజి కేంద్రములు నడపబడినప్పుడును ధాన్యపు రవాణా రైలుపైననే ప్రధానముగా ఆధారపడెను. తొట్టి వాగన్లలో త్రాగునీటిని పంపు పద్ధతికి సమీపకాలపు ప్రసిద్ధోదాహరణము 2016లో మిరజ్ నుండి లాతూరునకు నడచిన నీటి బండి.

ఏకరూప బండ్లు, షంటింగు క్షీణత

1980ల నుండి భారతీయ రైల్వేలు వాగను వాగనుగా బుకింగు చేయు పద్ధతిని క్రమముగా విడిచి, ఒకే సరకు, ఒకే గమ్యము గల పూర్తి బండిని నడపు పద్ధతిని అవలంబించెను. 'బాక్స్ ఎన్' వాగను పొడవు 10.713 మీటర్లు, 58 వాగన్లు గల బండి ఇంజను, బ్రేకు వ్యానులతో కలిసి 650 మీటర్లు దాటును, ప్రామాణిక లూపు లైను పొడవు 686 మీటర్లు గనుక బండి పరిమాణము లూపునకు సరిపోవునట్లు నిర్ణయమైనది. నిండిన వాగను 81 టన్నుల పైచిలుకు తూగుటచే బండి మొత్తము బరువు సుమారు 4,700 టన్నులగును.

ఇట్టి బండి గుంతకల్లులో విడదీయబడదు. సిబ్బంది మారుదురు, వలసినచో ఇంజను మారును, బండి సాగిపోవును. రవాణా పరిమాణము పెరిగినది, వాగను తిరుగుకాలము తగ్గినది. అయితే ఇరువది బస్తాల వర్తకుడు, ఒక్క వాగను సరకు గల రైతుసంఘము రైల్వేకు దూరమై లారీ నాశ్రయించిరి; చిన్న స్టేషన్ల గూడ్సు షెడ్లు అనేకము మూతపడెను. లాభమెంత సత్యమో ఈ నష్టమును అంత సత్యము. షంటింగు నేడు ముఖ్యముగా సిమెంటు, విద్యుత్కేంద్రముల సైడింగులలోను, సిక్ వాగన్లను వేరు చేయుటలోను, షెడ్ల వద్ద ఇంజన్ల మార్పిడిలోను మిగిలియున్నది.

రైలు నమూనాలపై గూడ్సు నిర్వహణము (చూ. నమూనా శాస్త్రము)

వాస్తవమున తగ్గిన ఈ విద్య నమూనాలలో జీవించుచున్నది. రైలు నమూనా లేఅవుట్టుపై బండిని గుండ్రముగా త్రిప్పుటతో తృప్తి చెందక, ప్రతి వాగనునకు ఒక గమ్యమును నిర్ణయించి, అసలు రైల్వే నియమములతో దానిని చేర్చు అభిరుచి అమెరికా, బ్రిటనులలో 20వ శతాబ్ది మధ్యకాలమున వృద్ధి చెందెను. ప్రతి వాగనునకు ఒక కార్డు, దానిలో సరకును, పంపు స్టేషనును, చేరు స్టేషనును తెలుపు చీటీ ఉంచుట ప్రసిద్ధ పద్ధతి. వాగను చేరిన తరువాత చీటీని త్రిప్పినచో క్రొత్త గమ్యము వచ్చును. ఇది అసలు గూడ్సు ఆఫీసులోని ఇన్వాయిసు, వాగను లేబిలుల సంక్షిప్తరూపమే.

షంటింగును సమస్యారూపమున అందించిన రెండు నమూనాలు ప్రసిద్ధములు. జాన్ అలెన్ 1972లో ప్రకటించిన 'టైమ్‌సేవర్' తక్కువ కాలములో వాగన్లను నిర్ణీత స్థలములకు చేర్చు పందెము. అలన్ రైట్ రచించిన 'ఇంగిల్‌నుక్ సైడింగ్స్' అంతకన్న సరళము, అంతకన్న లోతైనది: అయిదు వాగన్లు పట్టు లైనొకటి, మూడేసి వాగన్లు పట్టు లైన్లు రెండు, ఇంజనుతో మూడు వాగన్లు పట్టు నెక్ ఒకటి. ఎనిమిది వాగన్లలో చీటీలు తీసి అయిదింటిని చీటీల వరుసలోనే బండిగా కట్టవలెను. ఇట్టి వరుసలు 6,720 సాధ్యములు. బల్లపై కొద్దిపాటి స్థలమున ఇది చేసి చూచినవారికి నెక్ పొడవు యార్డును ఎట్లు శాసించునో పుస్తకము లేకయే బోధపడును.

గుంతకల్లును నమూనాగా నిర్మింపదలచువారికి మొదటి చిక్కు గేజి. మిక్కిలి వాడుకలోనున్న హెచ్.ఓ. స్కేలు 1:87, దాని 16.5 మి.మీ. పట్టా 1,435 మి.మీ. గల విదేశీ ప్రామాణిక గేజిని సూచించును. భారతీయ బ్రాడ్‌గేజికి ఈ స్కేలులో 19 మి.మీ.కు మించిన వెడల్పు వలయును, మీటరుగేజికి 11.5 మి.మీ. చాలును గనుక 12 మి.మీ. పట్టా సరిపోవును. బ్రాడ్‌గేజిని సిద్ధముగా దొరకు 16.5 మి.మీ. పట్టాపై నడపినచో ఇంజనుల క్రింద పట్టా సన్నగా కానవచ్చును. అయినను అధికులు ఈ రాజీకి అంగీకరింతురు. రెండవ చిక్కు పొడవు: 58 వాగన్ల బండి హెచ్.ఓ.లో 7 మీటర్లు దాటును. సామాన్యమైన గదిలో అది ఇముడదు.

కావున నిర్మాత కాలమును జాగ్రత్తగా ఎన్నుకొనవలెను. 1960ల, 1970ల గుంతకల్లును ఎన్నుకొన్నచో నాలుగు చక్రముల పొట్టి వాగన్లు, బ్రాడ్‌గేజిపై డబ్ల్యు.జి., మీటరుగేజిపై వై.జి. తరగతి ఆవిరి ఇంజన్లు, పది పండ్రెండు వాగన్ల సెక్షను గూడ్సు, నడుమ మార్పిడి షెడ్డు అన్నియు ఒక గోడ పొడవున అమరును. రెండు గేజిలకు వేరువేరు కార్డుల పెట్టెలుంచి, మార్పిడి షెడ్డులో వాగన్లు ఎదురెదురుగా నిలిచినప్పుడు చీటీని ఒక కార్డు నుండి వేరొక కార్డునకు మార్చినచో బస్తాల చేరవేత ఆటలో ప్రవేశించును. వానలు పడిన ఏటికి ఒక కట్ట చీటీలు, కరవు ఏటికి వేరొక కట్ట సిద్ధపరచినచో అదే యార్డు రెండు విధములుగా పనిచేయుట కానవచ్చును.

భారతదేశమున నమూనాలను దర్శింపగోరువారికి 1977లో తెరవబడిన న్యూఢిల్లీ జాతీయ రైలు మ్యూజియము, 1998లో ఆరంభమైన పూణేలోని జోషీ చిన్నరైళ్ల మ్యూజియము ముఖ్యస్థానములు.

నమూనాలను నడపుటలో సర్వసాధారణమైన లోపము అతివేగము. గంటకు 15 కి.మీ. అను షంటింగు హద్దు 1:87 స్కేలులో సెకనుకు 4.8 సెం.మీ. అగును. ఒక 'బాక్స్ ఎన్' వాగను నమూనా పొడవు 12.3 సెం.మీ. గనుక, హద్దు వేగమున అది తన పొడవు దాటుటకు రెండున్నర సెకనులకు పైగా పట్టును. తగిలింపునకు సమీపించునప్పుడు అంతకన్నను మెల్లగా నడుపవలెను.